ఆ అంకె వేరే కొలిమిది

వయాలాలో నా పని
వేడిని పలకరించడం.
పొడుగాటి కడ్డీ చివర అట్టగొట్టం తొడిగి
కరిగిన ఇనుములో ముంచుతాను.
నాలుగు లెక్కపెట్టేలోపు
పద్నాలుగొందల ఎనభై అని చెప్పి
గొట్టం కాలి చస్తుంది.
నిజం చెప్పి చచ్చేవాటిని
షిఫ్టుకి ముప్ఫై పారేస్తాను.

ఇంటికొచ్చి మోచేతులు కడిగితే
తెల్ల సింకు ఇటుకరంగుకి తిరుగుతుంది.
ఈ ఊళ్ళో ఇళ్ళ కప్పులకీ, పిల్లులకీ,
ఆరేసిన దుప్పట్లకీ
ఎర్రదుమ్ముతో చుట్టరికం.

పక్కింటి స్టావ్రోస్ పాత మిల్లు మనిషి.
ఎడమచెవి మిల్లుకే ఇచ్చేశాడు.
రిటైరైన డబ్బుతో పడవ కొంటానని చెప్పి
టెలిస్కోప్ కొన్నాడు.
వాళ్ళావిడ ఇప్పటికీ
ఆ పడవ గురించే మాట్లాడుతుంది.

పోయిన గురువారం రాత్రి గోడ మీంచి పిలిచాడు:
"వకుళా, వేడి నీకు తెలిసిన సరుకు కదా, రా."

చూడ్డానికేం లేదు.
తెరమీద ఒక నక్షత్రం, బూడిదరంగు చుక్క.
దాని చుట్టూ తిరిగేది కనపడదు.
అడ్డొచ్చినప్పుడు చుక్క కాస్త మసకేస్తుంది.
నూటికి ఒక పాలు.
చెంబెడు పాలలో చెంచాడు నీళ్ళు పడితే
మా అమ్మమ్మ నాలిక పట్టేసేంత.

అక్కడ ఏడాదంటే ముప్ఫై ఒక్క గంట.
నేను రెండు షిఫ్టులు చేసి ఓ కునుకు తీసేలోపు
పుట్టినరోజు వచ్చి పోతుంది.
ఎప్పుడూ ఒకే మొహం నక్షత్రానికి,
తిరగెయ్యడం మరిచిన అట్టులా.
పగటివైపు రెండువేల నాలుగువందల డిగ్రీలు.

"మరి ఇనుము?" అన్నాను,
ఇంకేం అడగాలో తెలీక.
"కరగడంతో ఆగదు. ఆవిరైపోతుంది."

చేతిలో టీ చల్లారిపోయింది.
పద్దెనిమిదేళ్ళుగా నేనెరిగిన ఇనుము
ఎంత రెచ్చిపోయినా నేలనంటి పారేది.
ఇసుక కాలవలో ఒదిగేది,
అడ్డం కడితే ఆగేది,
అలిగితే పెంకు కట్టేది.
అది గాలిలో గాలై
చీకటివైపుకి కొట్టుకుపోయి
చల్లబడి
చినుకులుగా రాలుతుందట.
ఎవరి తలమీదా కాదు.
పడ్డానికి నేల కూడా లేదట.
పడుతూ పడుతూ లోపలి వేడికి చిక్కి
మళ్ళీ ఆవిరి.

ఒంటిగంట పదికి
ప్లాంటులో చిట్టెం పారబోశారు.
ఆకాశం సగం ఎర్రబడింది.
వరసగా దిగుతున్న చుక్కలన్నీ
తెరమీద చెదిరిపోయాయి.
స్టావ్రోస్ గ్రీకులో ఏదో తిట్టాడు.
నా షిఫ్టు కాకపోయినా
సిగ్గేసింది నాకు.

ఆ మసక అక్కడ బయల్దేరి
ఆరువందల ఏళ్ళయిందట.
అప్పటికి ఈ గుట్టల్లో ఇనుము
ఎవరి లెక్కలోనూ లేదు.
ఈ ఎర్రమట్టిని బార్న్‌గార్లా వాళ్ళు ఏమంటారో
అడగాలనుకుంటూనే ఉన్నాను
వచ్చిన దగ్గర్నుంచీ.

శుక్రవారం నిద్ర చాలక
లాగ్‌బుక్‌లో మూడో పోత దగ్గర
రెండువేల నాలుగువందలు అని రాసేశాను.
ఫోర్‌మన్ డారిల్ పరిగెత్తుకొచ్చాడు,
కొలిమి గోడలు కారిపోతున్నాయనుకున్నాడు పాపం.
"మీటరు చెడిందా?"
"లేదు. ఆ అంకె వేరే కొలిమిది."
నా మొహం కాసేపు చూసి
నీళ్ళసీసా చేతిలో పెట్టాడు.

రూలు ప్రకారం అడ్డంగా ఒక గీత,
పక్కన పొట్టి సంతకం.
గీత కింద అంకె ఇంకా చదవొచ్చు.

మధ్యలో రెండుసార్లు పట్టపగలు
ఎవరికీ చెప్పకుండా అడ్డొచ్చి పోతుంది.
సోమవారం రాత్రి పదింటికి మళ్ళీ దొరుకుతుంది.
నాకు నైట్ షిఫ్టు.
ఎన్ని చుక్కలు దిగాయో కాగితం మీద వేసి
గోడమీద పెడతానన్నాడు స్టావ్రోస్,
గాలికి ఎగరకుండా
పైన ఓ ఇనపముక్క బరువు పెట్టి.